మణికట్టు నొప్పి: కలం నుండి మౌస్ దాకా

బొగ్గుగనుల ఊరైన మన బెల్లంపల్లిలో చేతినొప్పి అనగానే తట్టా చెమ్మస్ పట్టిన గని కార్మికులే గుర్తుకు వస్తారు. కానీ బరువెత్తని చేతులకూ నొప్పి తప్పదని వైద్యశాస్త్రం ఏనాడో గుర్తించింది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని తన వృత్తివ్యాధుల గ్రంథపు 1713 నాటి ముద్రణలో, రోజంతా కలం కదిలించే లేఖకుల చేయి అలసి పటుత్వం కోల్పోవడాన్ని వర్ణించాడు.

నేడు కలం స్థానాన్ని మౌస్ ఆక్రమించింది. 1968లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దానిని బహిరంగంగా ప్రదర్శించాడు. అంతకుముందే, 1950ల తొలినాళ్లలో, కెనడా నౌకాదళం కోసం ఒక ట్రాక్‌బాల్ తయారైంది. అందులో తిరిగినది బౌలింగ్ ఆటబంతి! ట్రాక్‌బాల్ ఉన్నచోటనే ఉంటుంది. వేళ్లతో బంతిని దొర్లిస్తే చాలు, మణికట్టుకు పని తగ్గుతుంది. నిలువు మౌస్ అయితే ముంజేతి మెలికను తగ్గిస్తుంది.

అయితే బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్ వల్ల నొప్పి ఆ వేలికి మారవచ్చు. ఏ పరికరమైనా మధ్యమధ్య విరామం తప్పనిసరి. రాత్రివేళ బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు సడలుతున్నా కాలయాపన చేయక వైద్యుని సంప్రదించండి.

రోగిని అతని వృత్తి ఏమిటో అడగాలని రామజ్జిని వైద్యులకు బోధించాడు. మీ వైద్యుడు అడగకపోయినా, రోజుకు ఎన్ని గంటలు మౌస్ పడుతున్నారో మీరే చెప్పండి. చికిత్స అక్కడి నుండే మొదలవుతుంది.