గోదారి ఎక్కడి దాకా వచ్చింది? ఎనభై ఆరు వరదను మా పిల్లలు వెతికిన తీరు



2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మా హాస్టల్ పిల్లలను గుట్ట మీది ఊరికి తరలించాము. జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఆ రాత్రి పిల్లలు అడిగిన ప్రశ్న ఒక్కటే: "మేడమ్, ఇంతకుముందు ఎప్పుడైనా ఇంత గోదారి వచ్చిందా?" మాకు బియ్యం మూట అందించిన ఒక తాత అక్కడే ఉన్నాడు. "ఇదేం గోదారి బిడ్డా, ఎనభై ఆరుది చూడాల్సింది" అన్నాడు.

నీళ్లు తీశాక బడి తెరిచారు. తొమ్మిదో తరగతి పిల్లలకు సోషల్‌లో ప్రాజెక్టు పని ఇచ్చారు. ఏదైనా ఒక చారిత్రక విపత్తు గురించి రాసి తేవాలి. సునామీ, భోపాల్, దివిసీమ ఉప్పెన అని పిల్లలు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. మరి మన ఎనభై ఆరు ఎక్కడుంది అని ఒక పాప అడిగింది. పుస్తకంలో వెతికారు, దొరకలేదు. సరే, మనమే రాద్దాం అనుకున్నాము.

కాగితాల్లో దొరికినది

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అక్కడి రికార్డు అదే. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు పోయింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2006లో 66.9 అడుగులు వచ్చాయి. అంటే 2022 వరద రెండో స్థానంలో ఉంది.

ఇక్కడే మా మొదటి తప్పు జరిగింది. ఒక బాబు "భద్రాచలంలో 75 అడుగుల లోతు నీళ్లు నిలిచాయి" అని రాశాడు. మేము కూడా చూసి ఊరుకున్నాము. లెక్కల మాస్టారు చదివి నవ్వారు. అది వీధిలో నిలిచిన లోతు కాదు, ఏటి దగ్గర కొలత స్కేలు మీది అంకె. ఆ స్కేలు మీద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. కేంద్ర జల సంఘం అదే మట్టాన్ని సముద్ర మట్టం నుంచి మీటర్లలో రాస్తుంది. వాళ్ల ప్రమాద స్థాయి 48.77 మీటర్లు, 1986 గరిష్ఠం 55.66 మీటర్లు. తీసివేస్తే 6.89 మీటర్లు. 75.6 లోంచి 53 తీసేస్తే 22.6 అడుగులు. మీటర్లను అడుగుల్లోకి మారిస్తే రెండూ ఒకటే. రెండు చోట్ల రెండు రకాలుగా రాసిన సంగతి ఒకటేనని పిల్లలు తమ చేత్తో తేల్చుకున్నారు. ఆ రోజు వాళ్ల మొహాలు చూడాలి!

వరద ఎందుకు అంతలా వచ్చిందో కూడా పటం ముందు పెట్టుకుని చూశాము. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి తెచ్చే నీళ్లన్నీ గోదావరిలో కలిసి మన వైపు వస్తాయి. కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. అక్కడి నుంచి కిందికి పోతే పాపికొండల మధ్య ఏరు ఇరుకైపోతుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీటికి పోయే దారి ఉండదు, అది వెనక్కి తంతుంది. అందుకే మన ఊళ్లలో వాన లేని రోజు కూడా వరద వస్తుంది. "శబరి ఎనక్కి నడిచిందంటే మూట కట్టుకోవాల్సిందే" అని మన ముసలోళ్లు అనే మాటకు భూగోళశాస్త్రం ఇదే.

చెట్టు చెప్పిన సాక్ష్యం

ఊళ్లో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. ఎనభై ఆరులో దాని పంగ దాకా నీళ్లు వచ్చాయని ముగ్గురు పెద్దలు వేర్వేరుగా చెప్పారు. ఒకరు చెప్పినది ఇంకొకరికి వినిపించకుండా అడగడం మా పద్ధతి. అయితే పిల్లల్లో ఒకడికి అనుమానం వచ్చింది: "ఇన్నేళ్లలో చెట్టు పెరిగింది కదా, పంగ కూడా పైకి పోయి ఉంటుంది!" మంచి ప్రశ్న. సైన్స్ టీచరమ్మ విడమరిచి చెప్పింది. చెట్టు కొసల దగ్గర పొడుగు పెరుగుతుంది, మొదలు లావెక్కుతుంది. మొదట్లో కొట్టిన మేకు ఎన్నేళ్లయినా ఆ ఎత్తులోనే ఉంటుంది. పంగ కూడా అంతే.

2022 బురద గీత అదే చెట్టు మీద ఇంకా కనిపిస్తోంది. పంగకీ గీతకీ మధ్య తాడు వేసి కొలిచాము. నాలుగు అడుగుల కంటే కాస్త తక్కువ వచ్చింది. భద్రాచలంలో రెండు వరదల తేడా 4.3 అడుగులు. చోటును బట్టి కొంత తేడా ఉంటుంది, అయినా మన పెద్దల జ్ఞాపకం గాలి మాట కాదని తేలింది.

తేదీ విషయంలో కూడా ఇలాగే జరిగింది. కొందరు 1986ను, 1990ను కలిపేసి చెప్పారు. "ఆ ఏడు జెండా పండుగ మర్నాడే ఇల్లు ఖాళీ చేశాం" అని ఒక అవ్వ అంది. 1986లో గరిష్ఠ మట్టం వచ్చింది ఆగస్టు 16న. 1990లో ఆగస్టు 24న. జెండా పండుగ గుర్తుతో ఆ చిక్కు విడిపోయింది.

మేము తప్పు అడిగిన ప్రశ్న

ఇది చెప్పకుండా ఉండలేము. పిల్లలకు పది ప్రశ్నల కాగితం మేమే తయారు చేసి ఇచ్చాము. మొదటి ప్రశ్న "మీ ఇంట్లో ఎంతమంది చనిపోయారు?" అని. ఎనిమిదేళ్ల పిల్ల అడిగినా అంత మొరటుగా అడగదు. టీచరు ట్రైనింగు పొందినవాళ్లం మేము. ఆ కాగితం పట్టుకుని ఒక పాప తన సొంత అవ్వ దగ్గరకే పోయింది. అవ్వ ఏమీ మాట్లాడకుండా లేచి చింతపండు గింజలు తీసుకోవడానికి పోయింది.

మరుసటి వారం మేమే వెళ్లాము. కాగితం తీసుకుపోలేదు. పక్కన కూర్చుని గింజలు తీశాము. చాలాసేపటికి అవ్వ తానే మొదలుపెట్టింది. మేకలు ఎటు పోయాయో, విత్తనాల కుండ ఎలా నెత్తిన పెట్టుకుందో, గుట్ట మీద తడి కట్టెలు అంటుకోక పడిన పాట్లు చెప్పింది. తర్వాత నెమ్మదిగా అంది: "నీళ్లల్లో మాకెవురూ పోలేదమ్మా. నీళ్లు తీశాక ఇరోచనాలు పట్టుకుని నా పెద్దపిల్ల పోయింది. వరదల పోయినోళ్ల లెక్క రాసుకోను వచ్చినోళ్లు, ఇది వరద కాదన్నరు."

పక్కనే ఉన్న మనవరాలికి తనకొక పెద్దమ్మ ఉండేదని ఆ రోజే తెలిసింది. ప్రాజెక్టులో ఆమె ఒక వాక్యం రాసింది: వరద నీళ్లు తీసినప్పుడు అయిపోదు. మేము దానికి ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇక మీ వంతు

మన ఊళ్ల చరిత్ర వెతకడంలో ఒక చిక్కు ఉంది. మన ఊరు కదలలేదు, జిల్లాలు కదిలాయి. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలోకి వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. 1986 కాగితాలు కావాలంటే ఖమ్మం పేరుతో వెతకాలి. 1953 ఆగస్టు వరద కావాలంటే మద్రాసు రాష్ట్రం రోజుల తూర్పు గోదావరిని చూడాలి. ఇది తెలియక చాలామంది "రికార్డు లేదు" అని వెనక్కి వచ్చేస్తారు.

రెండో చిక్కు పెద్దది. పోలవరం ముంపు వల్ల మన ఊళ్లు కొన్ని ఇప్పటికే కాలనీలకు పోయాయి, ఇంకా పోతున్నాయి. మనుషులు పోగలరు, ఇల్లు కొత్తది కట్టుకోగలరు. ఆ చింతచెట్టు పోలేదు. ఎనభై ఆరులో పాతికేళ్ల వయసున్న వాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. అప్పటికే పెద్దలైన వాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. మా పిల్లలకు చెప్పిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

అందుకని ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఫోన్ మీ చేతిలోనే ఉంది. ముందు అనుమతి అడిగి, మీ ఇంటి పెద్దల మాటను వాళ్ల భాషలోనే, కోయలో చెబితే కోయలోనే రికార్డు చేయండి. పనుల గురించి, పశువుల గురించి మొదలుపెట్టండి, చావుల గురించి కాదు. నీళ్లు వచ్చిన చోటు చూపించమనండి, ఫొటో తీసి కొలవండి. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నది రాసుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి.

మా పిల్లల ప్రాజెక్టుకు బడిలో మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఆ నోటుపుస్తకాన్ని మేము రెండు ప్రతులు రాయించాము. ఒకటి హాస్టల్‌లో ఎత్తయిన అరలో ఉంది. రెండోది ఆ అవ్వ ఇంట్లో ఉంది. ఆమెకు చదవడం రాదు. మనవరాలు ఇంటికి వచ్చినప్పుడల్లా పెద్దమ్మ పేరున్న పేజీ తీయించుకుని చదివించుకుంటుందట.