ప్రత్యక్షం

‘ప్రతి’ అనే ఉపసర్గకు, ఇంద్రియమని అర్థమిచ్చే ‘అక్ష’ శబ్దం చేరగా ‘ప్రత్యక్షం’ ఏర్పడింది. ప్రత్యక్షసాక్షి వంటి మాటల్లో తెలుగువారు దీనిని ఎక్కువగా కంటికే ముడిపెట్టినా, దర్శనశాస్త్రాల్లో చెవి, ముక్కు, నాలుక, చర్మం అందించే జ్ఞానానికీ ఇదే పేరు. ఇంద్రియానికీ విషయానికీ ఏర్పడే సంబంధాన్ని, అంటే సన్నికర్షాన్ని, గౌతముని న్యాయసూత్రాలు దీనికి మూలమన్నాయి. అయితే ఆ జ్ఞానం ఒక్క ఊపున రూపుకట్టదని గమనించడంలోనే తరువాతి నైయాయికుల సూక్ష్మదృష్టి వెల్లడవుతుంది: ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ ప్రకారం, విశేషణమేదీ తోచని గ్రహణం నిర్వికల్పకం కాగా, ‘ఇతడు నల్లనివాడు’ అన్నట్లు వస్తువునూ దాని ధర్మాన్నీ జతచేసి తెలుసుకునేది సవికల్పకం. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు మాత్రం పేరు, జాతి వంటివి మనసు జోడించే కల్పనలేనని, అవి సోకనిదే ప్రత్యక్షమని వాదించాడు. ఇంద్రియాలు ఇచ్చేదెంత, మనసు కూర్చేదెంత అన్న ఈ వివాదం భారతీయ తర్కానికి నిజమైన గర్వకారణం. పలు ఇంద్రియాలు విషయాలను తాకుతున్నా జ్ఞానాలు ఏకకాలంలో పుట్టకపోవడమే మనసు ఉందనడానికి గుర్తని కూడా న్యాయసూత్రాలు చెప్పాయి. ఇంద్రియాలకు ఆవలిదైన ‘పరోక్షం’ ప్రత్యక్షానికి వ్యతిరేకపదం. ‘దేవుడు ప్రత్యక్షమయ్యాడు’ అనే వాడుకలో ఆ ఆవలిది ఇంద్రియాలకు అందివచ్చిందన్న భావమే ఉంది.