నడుము నొప్పికి బ్యాక్టీరియా కారణమా? ఒక ఊహ పుట్టుపూర్వోత్తరాలు

సంక్రాంతి దాటితే ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వకాలు జోరందుకుంటాయి. వంగి దుంపలు ఏరాలి, మండ నుంచి కొమ్ము విడదీయాలి, ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబోయాలి, బస్తాలు మోయాలి. ఈ చాకిరీలో నడుము పట్టేయడం మామూలే. ఆ నొప్పికి బ్యాక్టీరియా కూడా కారణం కావచ్చన్న మాట ఎక్కడ పుట్టింది?

వెన్నుకు క్రిములు పట్టడం పాత సంగతే. పూసలు కుంగి గూని తెచ్చే జబ్బును లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో వర్ణించాడు. దానికి మూలమైన క్షయ క్రిమిని రాబర్ట్ కోచ్ 1882లో లోకానికి చూపాడు. ఇందులో అనుమానం లేదు.

చిక్కంతా మామూలు నడుము నొప్పితోనే. 2001లో బర్మింగ్‌హామ్ వైద్యులు 36 మంది సయాటికా (నడుము నుంచి కాలికి పాకే నొప్పి) రోగుల డిస్కు (పూసల మధ్య ఉండే మెత్త) ముక్కలు పరీక్షిస్తే, 19 మంది ముక్కల్లో బ్యాక్టీరియా పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొటిమల్లో ఉండే రకమే. 2013లో డెన్మార్క్ పరిశోధకులు, డిస్కు జారిన తర్వాత నొప్పి తగ్గక, ఎంఆర్‌ఐలో పూసల వాపు కనిపించిన 162 మందిని ఎంచుకున్నారు. వారిలో నూరు రోజులు యాంటీబయాటిక్ వాడినవారికి మేలు జరిగిందన్నారు. ఆశలు పెరిగాయి.

పసుపు కొనేవారు రాశి పైరంగు చూసి ధర కట్టరు. కొమ్ము విరుస్తారు. బాగా ఎండితే టక్కున మోగుతుంది, లోపలి రంగు బయటపడుతుంది. పరిశోధననూ అలాగే విరిచి చూడాలి. మొటిమల బ్యాక్టీరియా అందరి చర్మం మీదా ఉంటుంది. అది నిజంగా డిస్కులోనే ఉందా, కోత పెట్టినప్పుడు చర్మం నుంచి అంటిందా? పక్క కండరం ముక్కనూ, నొప్పి లేనివారి డిస్కునూ పరీక్షించారా? ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర వెళ్లిందో రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఉంచారా? మరొకరు చేసినా అదే ఫలితం వచ్చిందా?

చివరి ప్రశ్నకు 2019లో నార్వే జవాబిచ్చింది. 180 మందిని రెండు జట్లు చేసి, నూరు రోజులు ఒక జట్టుకు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, మరో జట్టుకు ఉత్త మాత్ర ఇచ్చారు. రోగికి పనికొచ్చేంత తేడా రాలేదు. పైగా మందు వాడినవారిలో సగానికి పైగా దుష్ప్రభావాలు కనిపించాయి.

అందుకే ఒక్క పరిశోధనను నమ్మి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనకండి. అవసరం లేకుండా వాడితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. అలాగని అన్ని నొప్పులనూ చాకిరీ ఖాతాలో వేయకండి. నొప్పికి తోడు జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత ఉంటే వెంటనే వైద్యుడికి చూపించండి. అది వెన్ను క్షయే అయితే సర్కారు దవాఖానలో మందులు ఉచితం, వేళకు మొదలుపెడితే నయమవుతుంది.