రైలుబాట సైకిల్ విహారం
రైళ్లు నిలిచిపోయిన మార్గంలో పట్టాలు, స్లీపర్లు తొలగించి, కంకరను చదును చేసి వేసిన బాటపై తీరికగా సైకిల్ తొక్కుతూ సాగే విహారమిది. రైలింజన్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు కనుక, పల్లంలో కట్టలు పోసి, కొండలు తొలిచి, సాధారణంగా నూరడుగులకు ఒకటి రెండు అడుగులకు మించని వాలుతో ఈ మార్గాలను నిర్మించేవారు. అందువల్ల పిల్లలూ వృద్ధులూ సైతం వీటిపై ఆయాసం లేకుండా తొక్కగలుగుతారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1960ల్లో ఏర్పడిన ఎల్‌రాయ్–స్పార్టా బాట వీటిలో తొలితరానిది. దాని మూడు సొరంగాల్లో పొడవైనదానిలో దీపాలుండవు, పైనుంచి నీరు కారుతుంటుంది కాబట్టి, టార్చిలైటు పట్టుకుని, సైకిల్‌ను నడిపించుకుంటూ దాటాలి.

తెలుగునాట ఇందుకు ఎంతో అనువైనది 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచిన రాజమహేంద్రవరం హేవ్‌లాక్ వంతెన. గోదావరిని నడిమధ్య నుంచి చూపగల ఈ కట్టడాన్ని పర్యాటక దారిగా మార్చాలన్న ప్రతిపాదన తప్పక నెరవేరవలసినది.

కడప జిల్లాలో స్థితి వేరు. 2016లో ప్రయాణికుల రైళ్లు మొదలైన ఎర్రగుంట్ల–నంద్యాల మార్గం ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా సాగుతుండగా, పులివెందులకు రైలుమార్గమే లేదు. రైళ్లు తిరిగే పట్టాలపైకి అనుమతి లేకుండా వెళ్లడం 1989 రైల్వే చట్టం ప్రకారం శిక్షార్హం కనుక, అక్కడి సైకిలిస్టులకు జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళ్లే సుమారు 15 కి.మీ. రోడ్డే అనువైన దారి.