దానశాసనము నుండి రసీదు వరకు



దేవునికి సమర్పించినదానికి రసీదు అడుగవచ్చునా, అడిగినచో పుణ్యము తఱుగదా అని మా యొద్దకు వచ్చు భక్తులు పలువురు సందేహించుచుందురు. ఈ సందేహమునకు సమాధానము మన వేంగీదేశ చరిత్రయందే కలదు.

ఉంగుటూరు, ఏలూరు, కొల్లేటి ప్రాంతములు ప్రాచీన వేంగీదేశములోనివి. ఏలూరునకు చేరువనున్న పెదవేగియే నాటి వేంగీపురము. అచ్చటినుండి పాలించిన శాలంకాయనులలో విజయదేవవర్మ వేయించిన ఏలూరు శాసనము ప్రాకృతములోను, విజయనందివర్మ వేయించిన కొల్లేటి శాసనము సంస్కృతములోను ఉన్నవి. రెండును దానశాసనములే. పిదప వేంగి నేలిన తూర్పు చాళుక్యుల రాగిరేకులును అనేకము లభించినవి. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి అగ్రహారము నిచ్చినపుడు ఆ శాసనమును రచించినవాడు సాక్షాత్తు నన్నయభట్టారకుడు.

రాజులు ఊరిని దానమిచ్చునపుడు సర్వకరపరిహారముగా, అనగా పన్నులన్నియు తొలగించి, ఇచ్చెడివారు. నేటి పన్ను మినహాయింపునకు ఇది పూర్వరూపమే. భేదమొక్కటి: నాడు మినహాయింపు గ్రహీతకు చెందెను; నేడు దాతకును చెందుచున్నది.

ఆ పరిహారము నోటిమాటతో నిలువలేదు. దానము చేసిన రాజు లేఖ్యము చేయింపవలెననియు, అది రాబోవు సాధురాజులు తెలిసికొనుటకనియు యాజ్ఞవల్క్యస్మృతి ఆదేశించుచున్నది. వస్త్రముపై గాని రాగిరేకుపై గాని దాత వంశము, దానపరిమాణము, ఎల్లలు, కాలము వ్రాయించి, స్వహస్తము చేర్చి ముద్ర వేయవలెను. చాళుక్యుల రేకులకు వరాహలాంఛనముతో శ్రీత్రిభువనాంకుశ ముద్ర ఉండును. శాసనమును అమలుపఱచు ఆజ్ఞప్తి పేరును అందుండును. మహారాజులే ఇంత వ్రాయించిరి. వారి పుణ్యము తఱిగెనా? దాత గతించును, గ్రహీత గతించును. వ్రాత మాత్రమే రాబోవు తరమునకు సాక్ష్యము చెప్పును.

ఈ సత్యము ఇనాముల కాలమున మఱల ఋజువైనది. మదరాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమీషను ప్రతి మాన్యమునకు ఆధారము నడిగినది. పాతపత్రములు చెదలపాలైనవారికి దీర్ఘకాలానుభవమే శరణ్యమైనది. దేవాలయ మాన్యములను, సేవ జరుగుచున్నంతకాలము చెల్లునట్లు స్థిరపఱచి, టైటిల్ డీడు లిచ్చిరి. నేటికిని దేవుని భూమి యెవరిదను తగవు పుట్టినచో న్యాయస్థానములు నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరును పరిశీలించుచున్నవి.

ఇక నేటి సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున దాతల మినహాయింపునకై 80జి సెక్షను 1968 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 2025లో చేయబడిన కొత్త చట్టమునందును, 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించునట్లు, ఈ మినహాయింపునకు చోటు కల్పింపబడినది. అనుమతి పొందిన ధర్మసంస్థకు ఇచ్చిన సొమ్ములో సాధారణముగా సగము, నిర్ణీత పరిమితికి లోబడి, దాత ఆదాయమునుండి తగ్గింపబడును. కాని ప్రతి గుడికి ఇచ్చినదియు ఇందు చేరదు. కేంద్రప్రభుత్వము ప్రకటించిన ప్రసిద్ధ దేవాలయముల జీర్ణోద్ధరణకు ఇచ్చినదే చేరును. ధర్మసంస్థలకు ఇచ్చునపుడును ధనమే ఇవ్వవలెను. మాసూళ్ళవేళ కళ్ళమున కొలిచి అన్నదానమున కిచ్చిన ధాన్యమునకు, స్వామికి చేయించిన ఆభరణమునకు మినహాయింపు లేదు. 2017 ఏప్రిల్ నుండి రెండువేల రూపాయలకు మించిన నగదునకును లేదు. కొత్త పన్ను విధానము ననుసరించువారికి అసలే వర్తింపదు. వ్యవసాయాదాయమునకు కేంద్రపు ఆదాయపు పన్నే లేదు గనుక, సేద్యమే జీవనాధారమైన రైతునకు దీనితో పని లేదు.

రసీదు చేత నున్నంతమాత్రమున సరిపోదు. 2021-22 ఆర్థికసంవత్సరము మొదలు, సంస్థ దాతల వివరములను ఏటేట ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు ధ్రువపత్ర మీయవలెను. దాత పేరు, పాన్ సంఖ్య, మొత్తము, సంస్థ నమోదుసంఖ్య సరిగా నుండవలెను. వంశము, ఎల్లలు, ముద్ర అని స్మృతి చెప్పినవే నేడు ఈ రూపము దాల్చినవి. ఒక్క అంకె తప్పినచో దాత కష్టపడవలసివచ్చును. కావున ధర్మకర్తలు లెక్కవ్రాతను గుమాస్తాపని యని చులకన చేయరాదు, అదియు దైవకార్యమే.

మఱియొక హెచ్చరిక. పదివేలు ఇచ్చి లక్షకు రసీదు కోరుట, చెక్కు ఇచ్చి చాటున నగదు తిరిగి పుచ్చుకొనుట దానము కాదు, చౌర్యము. కూటశాసనము వ్రాసినవానికి మనుస్మృతి వధదండము విధించినదన్న, పూర్వులు దీని నెంతటి ద్రోహముగా నెంచిరో గ్రహింపుడు. ఆ రసీదుపై స్వామిపేరు అచ్చువేసియుండునని మఱవకుడు.

గుప్తదానము చేయదలచినవారికి హుండీ ఉన్నది. అందు రసీదు లేదు, మినహాయింపు లేదు, పుణ్యమునకు లోటు లేదు. పేరుతో ఇచ్చువారు సంకోచింపక రసీదు పుచ్చుకొనుడు, భద్రపఱచుడు. పన్ను తగ్గుననునది స్వల్పఫలము. స్వామిసొత్తు స్వామికే చేరినదని రేపటి తరమునకు తెలియుట దాని మహాఫలము.

స్వస్తి.