కిడ్నీ మొత్తమా, గడ్డ మాత్రమేనా?

1869 ఆగస్టు 2న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్టావ్ సిమోన్ అనే సర్జన్ ఒక మహిళకు కిడ్నీ తీసేశాడు. అంతకుముందు జరిగిన ఆపరేషన్‌లో ఆమె మూత్రనాళం దెబ్బతిని, మూత్రం దారితప్పి కారుతుండేది. కిడ్నీ ఒకటి తీసేస్తే మిగిలినదాంతో మనిషి నెట్టుకురాగలడనడానికి అప్పటికి సరైన రుజువు లేదు. అందుకే సిమోన్ ముందు కుక్కల మీద చేసి చూసి, అవి బతికాయని తేల్చుకున్నాకే ఆమె మీద కత్తి పెట్టాడు. ఆమె కోలుకుంది. కిడ్నీలో గడ్డ బయటపడిన రోగికి ఇప్పటికీ చెప్పే ‘ఒక్క కిడ్నీ చాలండీ’ అన్న ధైర్యవచనానికి మూలం అక్కడుంది. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

సిమోన్ తర్వాత హైడెల్‌బర్గ్‌లో అదే పదవిలోకి వచ్చిన విన్సెంజ్ చెర్నీ 1887లో గడ్డ ఉన్నంతమేరే కోసి, మిగతా కిడ్నీని ఉంచేశాడు. ఆ దారిన నడిచినవాళ్లు తక్కువ. రెండు కిడ్నీల గుండా నిమిషానికి లీటరు దాకా రక్తం పారుతుంది. అలాంటి అవయవాన్ని మధ్యలో కోసి కుట్టడం కన్నా మొత్తం తీసేయడమే సర్జన్‌కు సుళువు. 1969లో టొరంటో సర్జన్ చార్లెస్ రాబ్సన్ 88 మంది రోగుల ఫలితాలు ప్రచురించాక సందేహం కూడా పోయింది. కిడ్నీ, చుట్టూ ఉన్న కొవ్వు, పైనున్న అడ్రినల్ గ్రంథి, లింఫు గ్రంథులు అన్నీ కలిపి తీసేయడమే పద్ధతి అయింది. రాబ్సన్‌ను తప్పుపట్టలేం. మూత్రంలో రక్తం పడి, కడుపులో గడ్డ చేతికి తగిలే దశలో వచ్చిన రోగులు ఆ రోజుల్లో ఎక్కువ.

సీటీ స్కాన్ వచ్చాక రోగం మారలేదు గానీ రోగి మారాడు. ఇంకేదో నొప్పికి స్కాన్ తీయిస్తే కిడ్నీలో రెండు మూడు సెంటీమీటర్ల గడ్డ కనబడసాగింది. 1990 జూన్ 25న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాల్ఫ్ క్లేమన్ 85 ఏళ్ల వృద్ధురాలికి చిన్న రంధ్రాల గుండా కిడ్నీ తీసేశాడు. లోపలే సంచిలో వేసి, ముక్కలు చేసి బయటికి లాగారు. ప్రపంచంలో మొదటి లాప్రోస్కోపిక్ నెఫ్రెక్టమీ అదే. అందరూ ఆ రంధ్రాల గురించి చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ తర్వాతి పాథాలజీ రిపోర్టు మరీ ఆసక్తిగా తోస్తుంది. ఆ మూడు సెంటీమీటర్ల గడ్డ ఆంకోసైటోమా, అంటే కేన్సర్ కానే కాదు.

ఇలా ఎన్ని? 2003లో మేయో క్లినిక్ వైద్యులు తమ దగ్గర తీసేసిన గడ్డల్ని లెక్కేస్తే వందకు దాదాపు 13 కేన్సర్ కానివే. సెంటీమీటరు లోపువాటిలో అలాంటివి 46 శాతం. 2006లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ నుంచి ఇంకో దెబ్బ పడింది. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 662 మందిని చూస్తే, సర్జరీకి ముందే 26 శాతం మందికి కిడ్నీ పనితీరు తగ్గి ఉంది. క్రియాటినిన్ నార్మల్, రెండు కిడ్నీలూ ఉన్నాయి, అయినా అంతే. సర్జరీ అయ్యాక మూడేళ్లకు పనితీరు అలా తగ్గకుండా ఉండే అవకాశం, గడ్డ మాత్రమే తీయించుకున్నవాళ్లకు 80 శాతం, కిడ్నీ మొత్తం పోయినవాళ్లకు 35. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన రోగికి ‘ఒకటి చాలు’ అని చెప్పే ముందు ఈ అంకెలు రెండుసార్లు చదవాలి.

ఇక్కడితో కథ ఆపితే కిడ్నీని కాపాడడమే గెలిచినట్టు. కానీ 2011లో యూరప్ నుంచి వచ్చిన ఫలితం లెక్క తిరగేసింది. ఐదు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 541 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా పంచి చూశారు. పదేళ్లకు బతికున్నవాళ్లు కిడ్నీ మొత్తం తీసినవారిలో 81.1 శాతం, గడ్డే తీసినవారిలో 75.7. అనుకున్నంతమంది రోగులు చేరకుండానే ఆ అధ్యయనం ముగిసింది కాబట్టి దాన్నెంత నమ్మాలన్న వాదన ఆగలేదు. శాస్త్రమే ఒక్క మాట మీద లేనప్పుడు ‘మీరెలా చెబితే అలా, డాక్టరుగారూ’ అంటే ఆయన మాత్రం ఏం చెప్పగలడు?

ఏదో ఒకటి చెప్పడానికి కొలత కావాలి. 2009లో ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ కేన్సర్ సెంటర్ సర్జన్లు కుటికోవ్, ఉజ్జో ‘రీనల్’ స్కోరు తయారుచేశారు. గడ్డ సైజు, కిడ్నీ నుంచి ఎంత బయటికి ఉబికింది, లోపలి మూత్రపు గదులకు ఎంత దగ్గర, కిడ్నీ కొసనా నడిమినా అన్న నాలుగింటికీ ఒకటి నుంచి మూడు దాకా మార్కులు. ఇద్దరు రోగులనుకోండి, ఇద్దరిదీ మూడున్నర సెంటీమీటర్ల గడ్డే. ఒకరిది సగానికి పైగా బయటికి ఉబికి, మూత్రపు గదులకు 8 మిల్లీమీటర్ల దూరాన, పైకొసలో ఉంది. స్కోరు 4, ఉన్నవాటిలో అతి తేలిక. రెండోవారిది నిండా పూడుకుపోయి, ఆ గదులకు 2 మిల్లీమీటర్లలో, నడిమధ్యన ఉంది. స్కోరు 10. పక్కింటాయన గడ్డ మాత్రం తీయించుకుని ఇంటికొచ్చాడు గదా, నాకెందుకు కుదరదంటే జవాబు ఈ అంకెల్లోనే ఉంది.

ఇవన్నీ రోగికి చెప్పి తీరాలన్న విధి చట్టంలోనూ చేరింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు, చికిత్స ఏమిటి, బదులు మార్గాలేమిటి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి తగినంతగా చెప్పాకే సమ్మతి తీసుకోవాలంది. ఆ కేసు కిడ్నీది కాదు. పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, తల్లి సంతకంతో గర్భసంచి తీసేసిన ఉదంతమది.

‘వద్దంటే ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు కోసం జాన్స్ హాప్కిన్స్, మరికొన్ని అమెరికా ఆసుపత్రులు 2009 నుంచి రిజిస్టరు పెట్టాయి. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డలున్నవాళ్లు సర్జరీ వంటి చికిత్సో, స్కాన్లతో కనిపెట్టుకుని ఉండడమో తామే ఎంచుకున్నారు. 2015లో వచ్చిన లెక్క ప్రకారం 497 మందిలో 274 మంది వెంటనే చికిత్సకు వెళ్లారు, 223 మంది ఆగారు. కేన్సర్‌తో చనిపోకుండా ఐదేళ్లు బతికే అవకాశం రెండు వర్గాల్లోనూ 99 శాతానికి తగ్గలేదు. ఆగినవాళ్లలో గడ్డ ఏడాదికి అర సెంటీమీటరు మించి పెరిగితే చికిత్సకు పిలుస్తారు. పెరగకపోయినా, మనసు మార్చుకుని చేయించుకుంటానంటే కాదనరు. అలా మధ్యలో చికిత్స వైపు మళ్లినవాళ్లు 21 మంది.