మగ్గం నుంచి క్వాలిస్ దాకా: టయోటా మీద మన భరోసా కథ

పోయిన ఈద్ తర్వాత తమ్ముడు దమ్మామ్ నుంచి ఎల్లారెడ్డికి వచ్చాడు. ఈసారి వాపస్ పోయే ఇరాదా లేదన్నాడు. ఆరేండ్ల కమాయీలో మిగిలిన పైసలు పెట్టి ఒక బండి తీసుకుంటాడట. కామారెడ్డి, నిజామాబాద్, హైదరాబాద్ కిరాయిలు కొట్టుకుంటూ బాల్‌బచ్చాల దగ్గరే ఉంటాడట. దస్తర్‌ఖాన్ మీద ఇదే మాట నడిచింది. అబ్బా అన్నం కలుపుకుంటూ ఒక్క ముక్కలో తేల్చేశారు: "టయోటా తీస్కో బేటా. ఆంఖే బంద్ కర్కే తీస్కో."

వంటింటి గడప దగ్గర నిలబడ్డ అమ్మీ ఊరుకోలేదు. "పోయినసారి గూడ ఆంఖే బంద్ కర్కేనే తీస్కున్నం గదా!" అన్నది.

అందరం నవ్వాం గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముడి ఆరేండ్ల మెహనత్ ఒక పేరు మీద పెట్టబోతున్నాం. ఆ పేరు మీద మన ఇళ్ళలో ఇంత ఏతెబార్ ఎక్కడి నుంచి వచ్చింది? దాని తారీఖ్ ఏమిటి? తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి సవాల్ కాదు. మా కామారెడ్డి దిక్కు ప్రతి మొహల్లాలో గల్ఫ్ పైసలతో బండి కొన్న ఖాన్‌దాన్ ఒకటైనా ఉంటుంది.

ముందు అబ్బా సంగతి. ఆయన పదకొండేళ్ళు సౌదీలో టయోటా పికప్ నడిపారు. రేతిలో, మండే ఎండలో, నీళ్ళ డ్రమ్ములూ సిమెంట్ సంచులూ వేసుకొని తిరిగిన బండి అది. 'ఇంజన్ ఆయిల్ మార్చితే చాలు, ఇంకేం అడగదు' అని ఇప్పటికీ చెప్తారు. మన దిక్కు నుంచి 1970ల తర్వాత గల్ఫ్ పోయిన తరం మొత్తానికి ఇదే తజుర్బా. టయోటాను మనవాళ్ళు ముందు చూసింది హిందుస్తాన్‌లో కాదు, అరబ్ రేగిస్తాన్‌లో. అక్కడ దాన్ని తెచ్చినాయన జిద్దాలో పెట్రోల్ బంక్‌తో కారోబార్ మొదలుపెట్టిన అబ్దుల్ లతీఫ్ జమీల్. 1955లో ఆయన టయోటా బండ్లు అమ్మే హక్కు తీసుకున్నారు. ల్యాండ్ క్రూజర్ అనే పేరు పుట్టి అప్పటికి ఏడాదే, 1954లో పెట్టారు. రోడ్లు సరిగా లేని ముల్క్‌లో గట్టి బండి, దాని పక్కనే విడిభాగాల దుకాణం, రిపేర్ చేసే ఉస్తాద్. ఈ మూడూ కలిస్తేనే భరోసా అవుతుంది. ఉత్త ఇంజన్‌తో కాదు.

ఇక అసలు జడ ఎక్కడుందో చూస్తే నాకే తాజ్జుబ్ అనిపించింది. టయోటా మోటార్ కంపెనీగా పుట్టలేదు, మగ్గంలో పుట్టింది. సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు 1867లో జపాన్‌లో ఒక గరీబ్ పల్లెలో పుట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళు రాత్రింబవళ్ళు నేత నేస్తూ పడే తక్లీఫ్ చూసి, చెక్క మగ్గాన్ని ఎలా సులువు చేయాలా అని జిందగీ అంతా ఖర్చు పెట్టాడు. 1891లో చేతి మగ్గానికి పేటెంట్ తెచ్చుకున్నాడు. 1924లో జి టైప్ ఆటోమేటిక్ మగ్గం తయారైంది. దాని ఖూబీ రెండు సంగతుల్లో ఉంది. నాడెలో దారం అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి పడుతుంది. పడుగులో ఒక్క పోగు తెగితే మాత్రం మగ్గం తనంతట తానే ఆగిపోతుంది.

మా పక్కనే ఉన్న సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపేవాళ్ళను అడగండి, దీని విలువ చెప్తారు. పోగు తెగినా మిషన్ నడుస్తూ ఉంటే గజాల కొద్దీ బట్ట ఖరాబ్ అవుతుంది. ఎవరో ఒకరు పక్కనే నిలబడి కళ్ళప్పగించి చూడాలి. మగ్గం దానంతట అది ఆగితే ఒక్క మనిషి ఎన్నో మగ్గాలను చూసుకోగలడు, చెడ్డ బట్ట అసలు తయారే కాదు. జపాన్ వాళ్ళు దీన్ని జిదోకా అంటారు. తర్వాత కార్ల కార్ఖానాలోనూ ఇదే ఉసూల్ పెట్టారు. లైన్‌లో పనిచేసే మామూలు కార్మికుడికి తప్పు కనబడితే తాడు లాగి మొత్తం లైన్‌ను ఆపించే హక్కు ఇచ్చారు.

1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ అనే మగ్గాల కంపెనీ ఆ పేటెంట్ హక్కులకు లక్ష పౌండ్ల ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది సకిచి ఇంతెకాల్ అయ్యాడు. కొడుకు కిఇచిరో మగ్గాల కంపెనీలోనే 1933లో మోటార్ల విభాగం తెరిచాడు. 1935లో జి1 అనే లారీ బయటికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట గౌర్ చేయండి. ఆ లారీ మొండి బండేమీ కాదు. దారి మధ్యలో తరచూ ఆగిపోయేది. కంపెనీ మనుషులే సామాన్ పట్టుకొని రిపేర్‌కు ఉరికేవాళ్ళు. ఏది విరిగిందో రాసుకొని, దాన్ని మార్చి, మళ్ళీ చేసేవాళ్ళు. 1937లో టయోటా మోటార్ కంపెనీ వేరుపడింది. జంగ్ తర్వాత 1950లో దివాలా అంచుకు వచ్చింది. హర్తాళ్ జరిగింది, వేలమందిని తీసేయాల్సి వచ్చింది, దానికి జిమ్మేదారీ తీసుకొని కిఇచిరో కుర్సీ వదిలేశాడు. అదే నెలలో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా ఫౌజ్ లారీలకు ఆర్డర్ ఇవ్వడంతో కంపెనీ బతికింది. 1957లో క్రౌన్ అనే కారును అమెరికా పంపారు. అక్కడి హైవేల స్పీడ్‌కు అది నిలబడలేకపోయింది. 1960లో ఆ ఎగుమతి ఆపుకొని ఇంటికి వచ్చేశారు. అప్పుడు మళ్ళీ పనిలో కూర్చున్నారు. 1965లో నాణ్యతకిచ్చే డెమింగ్ ప్రైజ్ వచ్చింది, 1966లో కొరోలా, 1968లో హైలక్స్ వచ్చాయి. మనం మెచ్చుకునే మజ్బూతీ అంతా ఆ శికస్త్‌ల తర్వాత వచ్చిందే.

మన దేశంలోకి ఎలా వచ్చింది? 1980లలో జపాన్ కంపెనీలు హిందుస్తానీ కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేశాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టయోటా అలాంటిదే. మన ఇలాకాలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యాయి. ఆల్విన్ నిజాం జమానాలో 1942లో హైదరాబాద్‌లో పుట్టిన కార్ఖానా. జహీరాబాద్ ప్లాంట్ తర్వాత మహీంద్రా చేతికి పోయింది, ఈనాటికీ నడుస్తోంది. అంటే జపాన్ మోటార్ హునర్ మన పాత మెదక్ జిల్లా గడప అప్పుడే తొక్కింది.

టయోటా అసలు రాక మాత్రం మళ్ళీ మగ్గం ద్వారానే జరిగింది. 1995లో కిర్లోస్కర్‌లతో కలిసి వస్త్ర యంత్రాల కంపెనీ పెట్టారు. ఆ దోస్తీ మీదే 1997లో టయోటా కిర్లోస్కర్ మోటార్ ఏర్పడింది, బెంగళూరు పక్కన బిడదిలో కార్ఖానా లేచింది. 2000 జనవరిలో క్వాలిస్ వచ్చింది. ఇండోనేషియాలో 1977 నుంచి నడుస్తున్న కిజాంగ్ అనే బండి ఖాన్‌దాన్‌కు చెందినది ఇది. 'పాత మోడల్‌కు కొత్త రంగు' అని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. డిబ్బా లాగా ఉండేది, నిజమే. కానీ ఒక బారాత్‌కు కావలసినంత మందిని ఎక్కించుకొని, రోజంతా తిరిగి, తెల్లారి మళ్ళీ స్టార్ట్ అయ్యేది. డ్రైవర్లకు అదే కావాలి. 2005లో అది ఆగిపోయి ఇన్నోవా వచ్చింది.

ఇక మా ఇంటి క్వాలిస్ కథ. అబ్బా సౌదీ నుంచి వచ్చాక తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండ్ తీసుకున్నారు. సగం పైసలు కర్జ్. బోనెట్ తెరిచి చూడలేదు, సర్వీస్ కాగితాలు అడగలేదు. టయోటా కదా! రెండేళ్ళు కిరాయిలకు బాగానే తిరిగింది. ఆపా నికాహ్‌కు నాలుగు రోజుల ముందు కామారెడ్డి నుంచి బట్టలు, సామాన్ వేసుకొని వస్తుంటే లింగంపేట దాటినాక ఇంజన్ టప్పున ఆగింది. టైమింగ్ బెల్టు తెగింది. లక్ష కిలోమీటర్లకు ఒకసారి దాన్ని మార్చాలి. అంతకుముందు ఎప్పుడైనా మార్చారో లేదో ఎవరూ అడగలేదు. మీటర్ ఎంత తిరిగిందో చూసుకున్న పాపానా పోలేదు. బెల్టు తెగితే పిస్టన్ వచ్చి వాల్వులను గుద్దుతుంది. హెడ్ విప్పి చేసిన ఖర్చు బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లయింది. ఆపాకు పెట్టాలనుకున్న కంగన్‌లలో ఒక జత దానికే పోయింది. అమ్మీ ఇప్పటికీ ఎత్తిపొడిచేది అందుకే.

కసూర్ ఎవరిది? బండిది కాదు. మా ఖానదానీ గాఫిలియత్‌ది. పేరు మీద భరోసా పెట్టి, పోగు తెగిందా లేదా అని చూడడం మానేశాం. మగ్గం తనే ఆగుతుంది సరే, బెల్టు ముందే చెప్పి తెగదు కదా.

ఇంకొక మాట కూడా ఇన్సాఫ్‌గా చెప్పాలి. ఆ కంపెనీ కూడా తన పాత సబక్ మరిచిన రోజులున్నాయి. 2009, 2010లలో యాక్సిలరేటర్ పెడల్, కింద పరిచే మ్యాట్ల లోపాల వల్ల లక్షల కొద్దీ బండ్లు వెనక్కి పిలిపించారు. సకిచి మునిమనవడు అకియో టొయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ముందు మాఫీ కోరాడు. మరీ తేజ్‌గా పెరిగామని ఒప్పుకున్నాడు. లోపాల సంగతి జనానికి సరిగా చెప్పలేదన్న కేసులో 2014లో 120 కోట్ల డాలర్లు కట్టారు. 2023 డిసెంబర్‌లో వాళ్ళ దైహత్సు కంపెనీ సేఫ్టీ పరీక్షల్లో హేరాఫేరీ బయటపడింది. 2024 జనవరిలో డీజిల్ ఇంజన్ల పవర్ పరీక్షల్లో గడబిడ తేలి, మన దేశంలో ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ పంపడం కొన్నాళ్ళు ఆపారు. ఆ పరీక్షలు చేసిన కంపెనీ ఏదో తెలుసా? టయోటా ఇండస్ట్రీస్. అంటే సకిచి పెట్టిన అసలు మగ్గాల కంపెనీయే. తప్పు జరిగితే ఆగిపోవాలని దునియాకు నేర్పిన ఇంటిలోనే తప్పు ఆగకుండా నడిచింది. ఆ ఇంజన్లు రోడ్డు మీద ఖరాబ్ అని దీని మతలబ్ కాదు. పేరు ఎంత పెద్దదైనా అమానత్‌ను రోజూ కాపాడుకోవాలని మతలబ్.

తమ్ముడి కోసం ఇంకో సంగతి కూడా తెలుసుకున్నాను. ఇప్పుడు టయోటా బ్యాడ్జి ఉన్న ప్రతి బండీ టయోటా చేసింది కాదు. 2019లో వచ్చిన గ్లాంజా అసలు మారుతి బలేనో, 2023 రూమియన్ అసలు ఎర్టిగా. అవి చెడ్డవని కాదు. సుజుకీ కూడా 1909లో మగ్గాల కార్ఖానాగానే మొదలైంది, దానిదీ మంచి నస్లే. కానీ అబ్బా సౌదీలో చూసిన పికప్ భరోసా ఆ బ్యాడ్జి వెంట దానంతట అది రాదు.

చివరికి ఏం చేశాం? కామారెడ్డిలో మాకు తెలిసిన ఉస్తాద్‌ను వెంట పెట్టుకొని మూడు ఇన్నోవాలు చూశాం. మొదటిదానికి పాలిష్ అద్దంలా ఉంది, సర్వీస్ రికార్డ్ లేదు. వదిలేశాం. రెండోదాని మీటర్ తక్కువ చూపిస్తోంది గానీ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరిగిపోయి ఉన్నాయి. ఉస్తాద్ పెడల్ మీద వేలు పెట్టి చూపించి నవ్వాడు. మూడోది చాలా తిరిగిన బండి. పైన గీతలున్నాయి. కానీ బెల్టు ఎప్పుడు మార్చారో, ఆయిల్ ఎప్పుడు మార్చారో ప్రతి రసీదూ ఫైల్లో ఉంది. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, పొగ చూసి, పిట్ మీద కింది నుంచి చూసి అప్పుడు సౌదా చేశాం. కర్జ్ తీసుకోలేదు. కొన్ని పైసలు రిపేర్ కోసం పక్కన ఉంచుకోమని తమ్ముడికి గట్టిగా చెప్పాను.

బండి ఇంటికి వచ్చిన రోజు అబ్బా చుట్టూ తిరిగి చూసి, సీట్లో కూర్చొని ఇంజన్ చప్పుడు విన్నారు. "చెప్పిన గదా, టయోటా" అన్నారు. అమ్మీ ఏమీ అనలేదు. లోపలికి పోయి పాత క్యాలెండర్ వెనక ఉండే మేకు ఒకటి చూపించి, "ఆ రసీదుల ఫైల్ ఇక్కడ తగిలియ్, రోజూ కండ్లకు కనబడాలె" అన్నది. ఫైల్ ఇప్పుడు అక్కడే ఉంది.